పేరు లేని తిట్టు

పిలుపు ఇంకా రాలేదు. లోపల ఎవరిదో ట్రాక్టరు కేసు నడుస్తోంది, బంట్రోతు గుమ్మంలోకి వచ్చి పేరు మూడుసార్లు పిలిచి మళ్లీ లోపలికి పోతున్నాడు, ఆ పిలుపుకు ఒక బాణీ ఉంది, మొదటిసారి మామూలుగా, రెండోసారి సాగదీసి, మూడోసారి కసిరినట్టు, ఆ బాణీ గోవిందరాజుకు ముప్పై ఏళ్లుగా తెలుసు, పావగడ తాలూకాఫీసు ఎదురుగా రేకుల కింద టైపు మిషను పెట్టుకున్న రోజు నుంచి, టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చి దాని పక్కన జెరాక్సు మిషను చేరిన తర్వాత కూడా, కోర్టు గోడ దాటి ఎవరెవరి పేర్లో తండ్రి పేర్లతో సహా వచ్చి అతని బల్ల మీద వాలేవి, అతను తల ఎత్తకుండానే ఇది గట్టు తగాదా, ఇది చెక్కు కేసు, ఇది అన్నదమ్ముల బావి అని చెప్పేవాడు. ఈరోజు పిలవబోయేది తన పేరు. యాభై మూడేళ్లలో తన పేరు వరసగా మూడుసార్లు పిలిచింది అమ్మ ఒక్కతే, కన్యకమ్మ, రాయచెర్లులో అంగడి అరుగు మీద నిలబడి, పొద్దు గుంకినా ఆట విడవని కొడుకును, ఆమె పిలుపులో మూడోదాని కోసమే అతను ఆగేవాడు, మూడోదానిలో కోపం ఉండేది, కోపం వెనక వేడి అన్నం ఉండేది. ఈ బంట్రోతు మూడోసారి వెనక ఏముంటుందో తెలియదు.

ఏమీ ఉండదు మామా, అంటుంది ప్రార్థన. బజారులో బట్టలంగడి వాళ్ల అమ్మాయి, వరసకు మేనకోడలు, లా చదివి నాలుగేళ్లయింది, నల్లకోటు ఇంకా భుజాల మీద కుదురుకోలేదు గానీ నోరు కుదురుకుంది. పొద్దున కాఫీ కూడా తాగనివ్వకుండా పాఠం అప్పజెప్పించింది. "ఆరోపణ చదువుతారు మామా, ఒప్పుకుంటావా అంటారు, లేదు అను. అంతే. నీ బ్లాగు కింద ఆ కామెంటు రాసిండేది ఎవురో నీకు తెలీదు, అనానిమస్, నోటీసు వచ్చిన మర్నాడే తీసేస్తివి. అంగడి గోడ మీద ఎవురో బొగ్గుతో రాసిపోతే అంగడాయప్ప జైలుకు పోతాడా? అట్ల అడుగుతా నేను. నువ్వు మాత్రం కథలు చెప్పాకు." పరువు నష్టం కేసులో రుజువు చేయాల్సింది మొదట కేసు వేసినవాళ్లేనట, రాసింది ఎవరో, ఏ కంప్యూటరు నుంచో, ఆ కాగితాలు వాళ్ల దగ్గర లేవట. కంప్యూటరు ఏదో గోవిందరాజుకు తెలుసు. దాని పైన గుడ్డ కప్పి, గుడ్డ మీద పసుపు కుంకుమ పెట్టిన కాగితం అంటించి వచ్చాడు ఈ పొద్దున. ప్రార్థనకు ఆ సంగతి చెప్పలేదు. చెప్తే ఆమె కేసు వదిలేస్తుందేమో, లేదా ఇంకో పాఠం చెప్తుంది, రెండూ భయమే. శిక్ష పడితే తాలూకాఫీసు ముందర బల్ల వేసుకునే అనుమతి పోతుంది, అది ఒక భయం, కానీ అసలు భయం అది కాదు, అసలుది వరండా చివర సిమెంటు బెంచీ మీద చీర కొంగు తలకు చుట్టుకుని, కాళ్లు ముడుచుకుని, ఆకు వక్క నములుతూ కూర్చుంది.

అంజినమ్మ. డెబ్బై దాటింది, సరిగా ఎన్నేళ్లో ఆధారు కార్డుకే తెలియదు. ఎవరూ పిలవలేదు ఆమెను, రాయచెర్లు నుంచి షేర్ ఆటోలో, పదిమంది మోకాళ్ల మధ్య ఇరుక్కుని వచ్చింది. ఆమెను చూడగానే అతను గబగబా ఎదురుపోయాడు.

"నువ్వు యాడికి వస్తివి అంజినక్కా, ఈడ నీకేం పని?"

"నా తిట్టు మీద కేసంట గదప్పా. ఆటోలో అనుకొంటా ఉండారు. నా తిట్టు మీద కేసు పెట్టి నన్ను పిలవకుంటే ఎట్ల? నేనే చెప్తా జడ్జమ్మకు, తిట్టింది నేను, ఈయప్ప ఉత్త గుమస్తా అని."

"అట్లంతా చెప్పకూడదక్కా."

"ఎందుకు చెప్పకూడదు, నా తిట్టు ఏమన్నా దొంగతిట్టా?" అని నవ్వింది, పళ్లు నాలుగే ఉన్నాయి గానీ నవ్వు నోటి నిండా ఉంది, తర్వాత గొంతు తగ్గించి, "నేను చెప్పింది ఒక్క మాట విడవకుండా రాసినావు గదా," అంది.

"ఒక్క మాట గూడా విడవలేదక్కా," అన్నాడు. అది అబద్ధం కాదు. విడవలేదు. ఒక్క మాట కూడా విడవలేదు.

దూరంగా వచ్చి నిలబడ్డాడు గానీ ఆమె నములుతున్న ఆకు వాసన ఇక్కడిదాకా వస్తోంది, సున్నం కాస్త ఎక్కువ వేసుకుంటుంది ఎప్పుడూ, ఆ వాసన వస్తే చాలు కోర్టు వరండా జారిపోయి రాయచెర్లు వీధి వచ్చి నిలబడుతుంది, గొర్రెల మందలు ఇళ్లకు తిరిగొచ్చే వేళ, ఎర్రటి దుమ్ము మోకాలి ఎత్తు లేచి వెలుతురు పట్టుకుని ఉండే వేళ, చెనిక్కాయలు వలుస్తున్న ఆడవాళ్ల చేతుల చప్పుడు, నాన్న అంగడిలో కిరసనాయిలు డబ్బా, బెల్లం మీద ఈగలు, అప్పుడు ఎక్కడో పైవీధిలో అంజినమ్మ గొంతు మొదలయ్యేది. మొదలయ్యేది తిట్టుతో కాదు. కోడితో మొదలయ్యేది. ఆ కోడి తల్లి ఎవరు, ఆ తల్లిని ఏ సంతలో కొన్నది, అది ఎన్ని గుడ్లు పొదిగింది, ఎన్ని గద్ద పాలయ్యాయి, మిగిలిన ఈ ఒక్క పెట్ట ఎట్లా తన చేతిలో నూకలు తిని పెరిగింది, అంతా చెప్పేది, తీరిగ్గా, వీధి మధ్యన నడుస్తూ, వినేవాళ్లకు ఆ కోడి మీద ప్రేమ పుట్టేదాకా. ఆ తర్వాత తిట్టు. తిన్నవాని నోటికి, నమిలిన పంటికి, మింగిన గొంతుకు, అరిగించుకున్న కడుపుకు, వరసగా కిందికి దిగేది, ఒక్కదానినీ మరిచేది కాదు, ఒక్కదానినీ రెండుసార్లు అనేది కాదు. చివర వంగి గుప్పెడు దుమ్ము తీసి గాలికి పోసేది. అంతసేపూ పేరు రాదు. ఊళ్లో అందరికీ తెలుసు కోడి ఎవరింట్లో ఉడికిందో, వాసన ఏమన్నా దాగుతుందా, అయినా పేరు రాదు. ఎవడైనా తలుపు తీసి నన్నేనా అంటున్నావు అని అడిగితే వాడే దొంగ, అందుకని ఎవరూ తలుపు తీసేవాళ్లు కాదు, వీధి వీధంతా పొయ్యి మీద సంగటి కలుపుతూ చెవులు రిక్కించుకుని వినేది. రేడియో ఉన్నది నాన్న ఒక్కడికే, అంజినమ్మ తిట్టే రోజున నాన్న రేడియో కట్టేసేవాడు.

తనను కూడా తిట్టింది ఒకసారి. తనకు అప్పుడు పదేళ్లు ఉంటాయేమో. ఆమె చేను గట్టు మీద పాకిన దోసతీగ, ఒకే ఒక్క కాయ, పండి పగిలి లోపలి గింజలు కనబడుతున్న కాయ, విత్తనానికి విడిచిందని తెలియదు, తెలిసినా ఆగేవాడు కాదు, ఇద్దరు దోస్తులతో కలిసి బండ మీద కొట్టుకుని తిన్నాడు. ఆ సాయంత్రం తిట్టు అంగడి ముందరికి వచ్చింది. గింజల గురించి చెప్పింది ఆమె, అవి తన పుట్టింటి నుంచి వచ్చిన గింజలని, అమ్మ కొంగులో కట్టి ఇచ్చిందని, అమ్మ పోయిందని, ఈ తీగ ఒక్కటే మిగిలిందని. గోవిందు బియ్యం మూటల వెనక నక్కి, రెండు చెవులూ మూసుకుని, చేతుల సందుల్లోంచి అంతా విన్నాడు. రాత్రి అన్నం తినలేదు, అమ్మ నుదురు పట్టుకు చూసి జ్వరమనుకుంది. మర్నాడు తెల్లారకముందే బండ దగ్గరికి పోయి, చీమలు లాక్కుపోగా మిగిలిన గింజలు ఏరి, పదకొండో పన్నెండో, నాన్న గల్లాపెట్టెలో కాగితం చింపి పొట్లం కట్టి, ఆమె ఇంటి గడప మీద పెట్టి వచ్చాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. ఆ మధ్యాహ్నం అంజినమ్మ అంగడికి వచ్చి ఉప్పు కొని, పోతూ పోతూ, కొంగులోంచి వేయించిన చెనిక్కాయలు గుప్పెడు తీసి అతని జేబులో పోసింది. ఒక్క మాట అనలేదు. మర్నాడూ అనలేదు, ఏడాది తర్వాతా అనలేదు, ఈ నలభై ఏళ్లలో ఎప్పుడూ అనలేదు. వేడివేడి చెనిక్కాయలు తొడకు తగులుతున్న ఆ జేబు, అది ఏ నిక్కరో కూడా గుర్తుంది, ఖాకీ, ఎడమపక్క చిరిగినది.

ఇవన్నీ రాయాలనే మొదలుపెట్టాడు బ్లాగు. నాన్న పోయి, రాయచెర్లు అంగడి మూతబడి, తను పావగడలో స్థిరపడి, పగలంతా సదరు సర్వే నంబరు, సదరు హక్కుదారుడు అని కొట్టి కొట్టి వేళ్లు మొద్దుబారిన తర్వాత, కరెంటు ఉన్న సాయంత్రాల్లో, గట్టు మీద అని పేరు పెట్టి, కన్నడ రాష్ట్రం సరిహద్దు ఊళ్లు గదా, మాట్లాడే భాష తెలుగు, బడిలో నేర్చిన అక్షరాలు కన్నడం, కాబట్టి తెలుగు మాటలు కన్నడ అక్షరాల్లో రాశాడు. అనంతపురంలో ఉన్న బావమరిది అది చదవలేక, బెంగళూరు కన్నడమాయన చదివి అర్థం కాక, ఇద్దరూ ఫోను చేసి తిట్టారు. చదివిన వాళ్లంతా ఈ చుట్టుపక్కల వాళ్లే, రెండూ వచ్చినవాళ్లు, ఊరు విడిచి ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు. ఇప్పుడు కోర్టుకు అదొక తలనొప్పి, ఆ కామెంటును కన్నడంలోకి మార్చమని ఒక అనువాదకుడికి ఇస్తే, అక్షరాలు కన్నడమే గదా ఇంకేం మార్చాలి అని తిప్పి పంపాడట. బ్లాగులో గొర్రెల చెవి గుర్తుల గురించి రాశాడు, ఎండిన బావుల గురించి రాశాడు, వెంకటమ్మనహళ్లిలో పోలీసు క్యాంపు మీద నక్సలైట్లు దాడి చేసిన ఏడాది చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ ఎవరి పేరూ పైకి పలకకుండా వాడు, వీడు, ఆయప్ప అని సైగలతో కాలం గడిపిన సంగతి రాశాడు. సోలారు వచ్చినప్పుడు రాశాడు. వేలాది ఎకరాలు, వేరుశనగ చేలు, బీళ్లు, కాలిబాటలు అన్నీ నీలం అద్దాల కింద పడుకున్నప్పుడు, మంచిదో చెడ్డదో తేల్చలేక, కౌలు వస్తోంది గదా అని కొందరూ గొర్రెలకు గడ్డి పోయింది గదా అని కొందరూ అంటుంటే, అతను ఏ పక్కా పోకుండా చేల పేర్లు రాశాడు. గుండ్లచేను, ఈతగుంట చేను, మొండోని కయ్య. కంచె లోపల ఇప్పుడు వాటికి బ్లాకు నంబర్లు. అట్లాగే ఒకరోజు దుమ్మెత్తి పోసే తిట్టు గురించి రాశాడు, ఇప్పుడు అట్లా తిట్టేవాళ్లు లేరని, తలుపులు మూసుకుని టీవీలు చూసే వీధిలో ఎవరి కోసం తిట్టాలని, అదంతా పోయిందని. రాసి రెండు వారాలు కాలేదు, పోలేదని చెప్పడానికి వచ్చినట్టు అంజినమ్మ వచ్చి అతని బల్ల ముందు కూర్చుంది.

ఆమె మొగుడు శివన్న పోయి అప్పటికి పదేళ్లు. వాళ్ల చేలోనే పూడ్చారు, రెండు బండలు నిలబెట్టి, పక్కన తంగేడు చెట్టు దానంతటదే మొలిచింది. చేను కౌలుకు ఇచ్చేటప్పుడు ఆమె అడిగింది ఒకటే, ఆ రెండు బండల చోటు విడిచిపెట్టమని. ఊళ్లో సోలారు వాళ్లకూ రైతులకూ మధ్యన తిరిగే మధుకుమార్, నరసింహప్ప కొడుకు, ఆమె చేతిలో చెయ్యి వేసి సరే అన్నాడు. ఒకరోజు పొద్దున జేసీబీ వచ్చింది, మధ్యాహ్నానికి బండలూ లేవు తంగేడూ లేదు. ఆమె చెప్పినదంతా విన్నాక గోవిందరాజు అర్జీ రాద్దామన్నాడు. అర్జీ వద్దంది. "వారం దినాల నుంచి వీధిలో తిడతా ఉండానప్పా. అందురూ తలుపులు మూసుకొని టీవీ పెట్టుకోనుండారు. వాడు ఇన్న్యాడో లేదో తెలీదు. నీ పెట్టెలో రాస్తే వాని ఫోన్లో కనబడతాదంట గదా. రాయి." అతనికి ఒళ్లు జలదరించింది. ఆ జలదరింపు ఏమిటో ఇప్పుడు, ఈ వరండాలో, దాచుకోకుండా చెప్పుకుంటే, అది జాలి కాదు. సంతోషం. నలభై ఏళ్ల తర్వాత ఆ గొంతు, తన ఎదురుగా, తన ఒక్కడి కోసం, పోయిందని రాసిన రెండు వారాల్లోనే దొరికింది. ముసలామె మొగుడి సమాధి పోతే తనకు రాతకు వస్తువు దొరికింది.

ఆమె కళ్లు మూసుకుంది, అతను ఆ రాత కింద కామెంటుగా కొడుతూ పోయాడు. ముందు శివన్నను చెప్పింది, ఎట్లా నడిచేవాడు, ఎట్లా మడక పట్టి దున్నేవాడు, పోయే ముందు రోజు ఏం తినాలని అడిగాడు. తర్వాత, గొంతు పెంచకుండానే, "వాని నెత్తిన ఇనుము నాటినోడా," అంది. "నీ ఇంట్లో దీపం వెలగనీ, వెలగొద్దని నేననను. ఆ దీపం కింద నువ్వు కూడు తినేటప్పుడు ఆ కూట్లో నీకు మన్ను కనబడనీ. నా మొగుడు ఎండకు ఎండినోడు, వానకు తడిసినోడు. ఇప్పుడు వానికి ఎండ లేదు, వాన లేదు, అద్దం కింద పండుకోనుండాడు. వానికి లేని ఎండ నీ కండ్లల్లో కొట్టనీ. వానికి లేని వాన నీ నిద్రలో కురవనీ. నువ్వెవురో నాకు తెలుసు, నీకు తెలుసు, మధ్యన ఈ మన్నుకు తెలుసు. చాలు." అని లేచి, రోడ్డు మీద గుప్పెడు దుమ్ము తీసుకుని లోపలికి వచ్చి, కంప్యూటరు ముందు చెయ్యి ఎత్తి ఆగింది. "ఈ పెట్టె మీద పోస్తే చెడిపోతాదేమోప్పా?" అవునక్కా అంటే, సరే అని బయటికి పోయి మోరీ పక్కన పోసి చేతులు దులుపుకుంది. ఆమెకు లాగిన్లూ పాస్‌వర్డులూ లేవు కదా, ఎవరి పేరుతో అని పెట్టె అడుగుతుంటే అతను అనానిమస్ అన్న చోట నొక్కాడు. ఆమె దాక్కోవాలనుకోలేదు. పెట్టెలో ఆమెకు చోటు లేక ఆమెను దాచింది అతనే.

అంతవరకు నయం. ఆటో వచ్చి ఆమె వెళ్లిపోయాక, పంపే ముందు మరొకసారి చదువుకున్నాడు, బాగుంది, చాలా బాగుంది, కానీ వేళ్లు ఊరుకోలేదు. ముప్పై ఏళ్లుగా అవే వేళ్లు, పేరు లేని అర్జీని తాలూకాఫీసు గుమాస్తా మొహం మీద కొడతాడని, ఎవరి మీద అయ్యా ఇది, గాలి మీదనా అని అడుగుతాడని, రైతు చెప్పినా చెప్పకపోయినా ప్రతివాది పేరు, తండ్రి పేరు, ఊరు, వరసగా పెట్టి పంపిన వేళ్లు. నాటినోడా అన్న మాట పక్కన అవే వేళ్లు కొట్టాయి, రాయచెర్లు గ్రామ వాసి, కీర్తిశేషులు నరసింహప్ప గారి కుమారుడు, సోలారు మధ్యవర్తి మధుకుమార్. కొట్టి, చుక్క పెట్టి, పంపాడు. అర్జీ సక్రమంగా ఉందనిపించింది. వేళ్ల మీద తోసేస్తున్నాడు గానీ వేళ్లు ఒక్కటే కాదు, దూరంగా ఉండి చదివేవాళ్లకు ఎవరో తెలియకపోతే తిట్టు పస తగ్గుతుందని కూడా అనుకున్నాడు, అదీ నిజం. రెండు రోజుల్లో దాన్ని ఎవరో ఫోటో తీసి వాట్సాపులో తిప్పారు, ఆ ఫోటో రాయచెర్లు, తిరుమణి, వళ్లూరు, అన్ని ఊళ్లూ తిరిగింది, బ్లాగు మొదలుపెట్టిన ఏడేళ్లలో ఒక్క రాతా అంత దూరం పోలేదు. ఆ రెండు రోజులూ అతను రోజుకు పదిసార్లు లెక్క చూసుకున్నాడు ఎంతమంది చదివారో అని. మూడో రోజు లాయరు నోటీసు వచ్చింది.

దాహం వేసింది. వరండా మలుపులో మంచినీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయేసరికి అక్కడ మధుకుమార్ ఉన్నాడు, తెల్లచొక్కా, ముప్పై ఆరేళ్లు, నరసింహప్ప ముక్కే, నరసింహప్ప వంగినట్టే కొద్దిగా వంగి నీళ్లు తాగుతున్నాడు. ఈ పిల్లోనికి పలక ఇచ్చింది తన తండ్రి అంగడి నుంచే. గోవిందరాజు వెనక్కి తిరగబోయాడు.

"గోవిందన్నా, నిలబడు. మా లాయరు చూస్తే తిడతాడు, నీతో మాట్లాడొద్దన్యాడు."

"మాట్లాడాకు మరి."

"ఒక్కటి అడగల్ల. నా పేరు పెడితివి, పెట్టు. మా నాయన పేరెందుకు పెడితివి?" జవాబు కోసం ఆగలేదు, గ్లాసు గొలుసుకు వేలాడుతుంటే దాన్నే చూస్తూ, "శివన్నమామను పూడ్చిన దినం గుంత తవ్విండేది మా నాయన. తెలుసు గదా నీకు."

"తెలుసు."

"జేసీబీ వచ్చినపుడు నేను ఆడనే ఉన్న్యా. సున్నం గీత గీసిండేది నేనే. దీని లోపలికి రావొద్దు సార్ అని చెప్పిండేదీ నేనే. ఇంజినీరు నా మొగం చూసినాడు. అంతలో ఫోను మోగె." గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. "మోగలేదన్నా. మోగినట్ల చెవికి పెట్టుకొని పక్కకు పోతి. తిరుక్కొని వచ్చేసరికి చదునైపోయి ఉండాది. ఆయమ్మ వారం దినాలు తిట్టె. టీవీ సౌండు తగ్గిచ్చి అంతా ఇన్న్యా. నా బిడ్డ ధనుశ్రీ అడిగె, నాయనా ఆ అవ్వ ఎవుర్ని తిడతా ఉండాది అని. ఎవురినోలేమ్మా అంటి. ఆ ఎవురినో ఉన్న్యన్నాళ్లు నాకు దోవ ఉండె. అమాసనాడు బండ ఒకటి తీసుకోని పోయి కంచెకు ఈపక్క నాటి, నేరుగా ఆయమ్మ కాళ్ల దగ్గరికి పోవాలనుకొంటి. అంతలో నీ రాత వచ్చె. బడిలో నా బిడ్డకు చదివి వినిపిచ్చినారు. ఇంక కాళ్ల దగ్గరికి పోతే ఏమైతాది? రాసిండేది అంతా నిజమని నేనే ఊరికి చాటినట్ల. పోకుంటే కేసు వెయ్యల్ల. వేస్తి."

అని గ్లాసు వదిలాడు, అది గొలుసు మీద ఊగి డ్రమ్ముకు తగిలింది. అతను వెళ్లిపోయిన తర్వాత కూడా గోవిందరాజు నీళ్లు తాగడం మరిచి అక్కడే నిలబడ్డాడు, బియ్యం మూటల వెనక నక్కినట్టు, చెవులు మూసుకోవాలనిపించేట్టు. ఆ రోజు అంజినమ్మ అంగడి ముందర నిలబడి, శెట్టి కొడుకు గోవిందు నా దోసకాయ తిన్నాడు అని ఒక్కసారి అని ఉంటే. నాన్న బెల్టు తీసేవాడు, అమ్మ అడ్డం పడేది, నాన్న పరువు కోసం మా వాడు అట్లాంటివాడు కాదు అని అరిచేవాడు, ఆమె కాదా అని అరిచేది, ఆ గింజలు చీమలు లాక్కుపోయేవి, ఎవరూ ఏరేవాళ్లు కాదు. పదకొండో పన్నెండో గింజలు గడప మీదికి చేరడానికి దారి ఎక్కడ ఉండింది అని ఇన్నేళ్లలో ఎప్పుడూ అడుక్కోలేదు, అది ఆమె మంచితనం అనుకున్నాడు, గుర్తుకు తెచ్చుకుని మురిసిపోయాడు, దాని మీద ఒక పేజీ రాసి అందరి చేతా బాగుందనిపించుకున్నాడు. రాసినవాడికి అర్థం కాలేదు. ఆమె తిట్టులో పేరు ఉండే చోటు ఖాళీ అనుకున్నాడు, గుమాస్తా కాబట్టి, ఖాళీ కనబడితే నింపాడు.

బంట్రోతు గుమ్మంలోకి వచ్చాడు. మధుకుమార్ బిన్ నరసింహప్ప, తండ్రి పేరుతో సహా. ఆ తర్వాత గోవిందరాజు. మూడోసారి దాకా ఆగలేదు అతను.

లోపల ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి కింద దాకా రావడం లేదు. జడ్జి చిన్న వయసు ఆడమనిషి, కళ్లద్దాలు, చదివేటప్పుడు పెదవులు కదలవు. ప్రార్థన పక్కన నిలబడి ఫైలు తెరిచింది, చూపుతోనే మళ్లీ ఒకసారి పాఠం గుర్తుచేసింది. వెనక బెంచీలో ఎవరో జరిగి చోటిస్తే అంజినమ్మ వచ్చి కూర్చుంది, కోర్టువాడు ఆకు ఉమ్మి రమ్మంటే మింగేసింది. జడ్జి కన్నడంలో ఆరోపణ చదివింది, ఫలానా తేదీన, ఫలానా రాతలో, ఫిర్యాదుదారుని పరువుకు భంగం కలిగేట్టు, అర్జీ భాషే, తను వేలసార్లు కొట్టిన మాటలే, అవి తన మీదికి వస్తుంటే బరువు వేరుగా ఉంది. ఒప్పుకుంటారా అని అడిగింది. లేదు అనాలి. రెండు అక్షరాలు. అంటే చాలు, రాసింది ఎవరో తెలియదు, తెలియనివాడిని ఎవరూ పట్టుకోలేరు, అంజినమ్మ తనను ఈయప్ప ఉత్త గుమస్తా అనుకుంటూనే ఆటో ఎక్కి ఇంటికి పోతుంది, పోయేటప్పుడు జేబులో ఏదో ఒకటి పోసి కూడా పోతుంది. నోరు తెరిచాడు.

తిట్టు తనది కాదని చెప్పాడు కన్నడంలో. అది ఒక పెద్దామె దుఃఖంలో అన్న మాట, తన బల్ల దగ్గర, తన కంప్యూటరులో తనే టైపు చేశాడు, ఆమె ఎవరినీ పేరు పెట్టి అనలేదు, అందులో పేరు తను పెట్టింది, ఫిర్యాదుదారుని పేరు, ఆయన తండ్రి పేరు, రెండూ తనవి, ఆమెకు తెలియకుండా పెట్టినవి. ప్రార్థన ఫైలు మూసింది, చప్పుడు కాకుండా మూసింది, అదే ఎక్కువ వినిపించింది. అవతలి లాయరు పెన్ను తీశాడు. జడ్జి కళ్లద్దాలు తీసి అతన్ని చూసింది, నువ్వు ఏం చెప్తున్నావో తెలిసే చెప్తున్నావా అని అడిగింది, తెలుసు మేడమ్ అన్నాడు.

"ఏమంటా ఉండాడు ఈయప్ప?" వెనక నుంచి గొంతు. అంజినమ్మకు కన్నడం సంత బేరం వరకే. బంట్రోతు కూర్చో అవ్వా అన్నాడు, ఆమె కూర్చోలేదు. "నా పేరు లేకుండా నా సంగతే ఏందో చెప్తా ఉండాడు. నాకు అర్థమయ్యేట్ల చెప్పమను."

ఈమేనా ఆ పెద్దామె అని జడ్జి అడిగింది. అవును అన్నాడు. చెప్పు అన్నట్టు జడ్జి చెయ్యి కదిలించింది. అతను వెనక్కి తిరిగాడు. ఇంతకన్నా జైలు నయమనిపించింది.

"అక్కా, నువ్వు పేరు చెప్పలేదు. మధు పేరు నేను పెట్టినా, నువ్వు పోయినంక. నరసింహప్ప పేరు గూడా."

ఆమె మొహంలో నవ్వు నిలిచిపోయి, తర్వాత మెల్లగా కిందికి దిగింది. బెంచీ అంచు పట్టుకుంది. టైపిస్టు వేళ్లు ఎత్తి పట్టుకుని ఆగాడు. ఆమె గోవిందరాజును విడిచి అవతల నిలబడ్డ తెల్లచొక్కా వైపు తిరిగింది.

"నీ పేరు నా నోట రాలేదు నాయనా."

"తెలుసత్తా," అన్నాడు మధుకుమార్. లాయరు చేయి పట్టుకున్నా అన్నాడు.

ఆమె తల ఊపింది, ఒక పని అయినట్టు. తర్వాత గోవిందరాజును చూసింది, చాలాసేపు చూసింది, తిట్టే ముందు కోడి పుట్టుక చెప్పేటప్పుడు ఉండే మెత్తదనం కూడా లేదు ఆ చూపులో.

"వాని పేరు నాకు తెలీకనా గోవిందూ," అంది, "నేను విడిచిపెట్టింది?"